మ్యూట్‌లో నలభై మంది

ఆదివారం సాయంత్రం ఆరున్నర. స్క్రీన్ మీద నలభై ఒక్క గడులు. వాటిలో ఏడెనిమిదింటి మీద ఉన్నవి పేర్లు కూడా కావు, ఫోన్ల మోడల్ నంబర్లు. ఒక గడిలో ఎవరి పసిబిడ్డో నవ్వుతోంది, ఇంకోదాంట్లో వేంకటేశ్వర స్వామి. దూరవిద్యలో బీఏ చదివేవాళ్ళకి నేను అర్థశాస్త్రం చెబుతుంటాను. ఆ రోజు పాఠం డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్న లెక్క. నలభై నిమిషాలు స్లైడ్లు తిప్పి, సూత్రం రాసి, గ్రాఫు గీసి, చివర్లో అడిగాను: “అర్థమైందా అండీ?”

చాట్‌లో టపటపా పడ్డాయి. ‘యస్ సార్’. ‘యస్ సార్’. ‘అయింది సార్’. ఒక దండం బొమ్మ. పదిహేడు లెక్కపెట్టాను. “సందేహాలుంటే అడగండి” అన్నాను. చడీచప్పుడూ లేదు. ఎవరో మ్యూట్ చేసుకోవడం మర్చిపోయినట్టున్నారు, వాళ్ళింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. ఆ తర్వాత ఒకే ఒక్క సందేహం వచ్చింది: “సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఎప్పుడు పెడతారు?”

పెద్దవాళ్ళకి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పినవాళ్ళెవరికీ ఈ సీను కొత్త కాదు. దీనికి స్టాఫ్ రూముల్లో వినపడే వివరణా పాతదే. వీళ్ళకి ఆసక్తి లేదు, సర్టిఫికెట్ కోసం వచ్చారు, ప్రమోషన్ కోసం వచ్చారు. నేనూ కొన్నాళ్ళు అదే పాట పాడాను. కానీ లెక్క కుదరదు. వారమంతా డ్యూటీ చేసి, జేబులోంచి ఫీజు కట్టుకుని, ఆదివారం సాయంత్రం పిల్లల్ని పక్క గదిలోకి పంపి లింకు నొక్కిన మనిషికి ఆసక్తి లేదంటే ఎలా? సర్టిఫికెట్ కోసమే అయితే క్లాసుకి రావాల్సిన పనే లేదు, గైడు కొనుక్కుంటే సరిపోతుంది.

అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక నాకు తెలిసిన భాషలో చెబుతాను. పెద్దమనిషికి క్లాసులో నోరు విప్పడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు భరించాలంటే, అన్న మాట ఎక్కడికో ఒకచోటికి చేరుతుందన్న నమ్మకం ఉండాలి. ఖర్చు ఎక్కువై, మాట చేరే చోటు లేకపోతే ‘యస్ సార్’ అనడమే అన్నిటికంటే తెలివైన పని. మా విద్యార్థులు ఆ రోజు చేసింది అదే.

టీ బండి రాలేదు

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. దేశమంతటికీ ఉద్దేశించిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో, 1985లో వచ్చింది. అప్పటి పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అచ్చేసిన పాఠాలు, రేడియో ప్రసంగాలు, ఆదివారాలు ఏదో ఒక కాలేజీలో కాంటాక్ట్ క్లాసులు. దూరవిద్య మీద జీవితమంతా పనిచేసిన మైకేల్ మూర్ 1989లో ఒక విభజన చేశారు. విద్యార్థికీ పాఠానికీ మధ్య నడిచేది ఒకటి, విద్యార్థికీ గురువుకీ మధ్య నడిచేది ఒకటి, విద్యార్థులకీ విద్యార్థులకీ మధ్య నడిచేది ఒకటి. మొదటిదాన్ని పుస్తకం చూసుకునేది. రెండోదాన్ని కాంటాక్ట్ క్లాసులో పాఠం చెప్పే కౌన్సెలర్ చూసుకునేవాడు. మూడోది ఏ టైంటేబుల్‌లోనూ ఉండేది కాదు. అది కాలేజీ గేటు బయట టీ బండి దగ్గర నడిచేది.

“సార్ చెప్పింది నీకేమన్నా ఎక్కిందా?” “ఎక్కలే గని, మా దుకాణంల గూడ గిట్లనే అయితది.” అసలు చదువు సగం అక్కడే జరిగేదని నా అనుమానం. ఎవరూ మార్కులు వేయరు, తప్పు మాట్లాడితే నవ్వుకుని వదిలేస్తారు, పక్కవాడు కూడా తనలాంటి వాడే.

క్లాసులు ఆన్‌లైన్‌కి మారినప్పుడు పుస్తకం పీడీఎఫ్ అయింది, సారు గడిలోకి ఎక్కాడు, టీ బండి మాత్రం రాలేదు. అవసరం తెలియక కాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మొదలుపెట్టినప్పుడు ప్రతి కోర్సుకీ నాలుగు భాగాలుండాలన్నారు: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్ష, చర్చావేదిక. అంటే కాగితం మీద టీ బండికి చోటిచ్చారు. చోటు చూపించగానే జనం చేరిపోరు, అది వేరే పని. ఆ పని చేయాల్సింది పాఠం చెప్పేవాడే.

నేను చేసిన మొదటి మార్పు చాలా చిన్నది. లింకు పావుగంట ముందే తెరిచి కూర్చోవడం. స్లైడ్లు లేవు, హాజరు లేదు. వచ్చినవాళ్ళని పేరు చివర ‘గారు’ పెట్టి పలకరించి, “మీ వైపు వాన పడిందా?” అనడం. మొదటి రెండు వారాలు నేనూ, దుబాయ్ నుంచి చేరే కరీంనగర్ కుర్రాడూ ఇద్దరమే ఉన్నాం. మూడో వారం ఆరుగురొచ్చారు. పాఠం మొదలవకముందే ఒకసారి గొంతు వినిపించిన మనిషి పాఠంలో రెండోసారి మాట్లాడటానికి అంతగా జంకడు. ఇదెందుకని సిద్ధాంతం చెప్పలేను గానీ ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను.

పరువు, గోడ మీద బట్టలు, యాస

ఖర్చు అన్నాను కదా, అందులో ఏమేం ఉన్నాయో చూద్దాం.

మొదటిది ఇల్లు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి క్లాసంటే క్లాసు. నలభై ఏళ్ళ ఇల్లాలికి క్లాసంటే వంటింట్లో గట్టు మీద నూనె డబ్బాకి ఆనించిన ఫోను. వెనక దండెం మీద బట్టలు, పక్క గదిలో టీవీ, “అమ్మా, నా చార్జర్ ఏది?” అన్న కేక. కెమెరా ఆన్ చేయమనడమంటే ఆ ఇంట్లోకి నలభై మందిని తీసుకొచ్చి కూర్చోబెట్టడం. పైగా కెమెరా ఉంటే మనసు పెడతారన్న గ్యారంటీ కూడా లేదు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో మీటింగుల అలసట గురించి రాస్తూ నాలుగు కారణాలు చూపించారు. ముఖాలు మరీ దగ్గరగా కనపడి అందరూ మనల్నే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే కనపడుతూ ఉండటం, ఒకేచోట కదలకుండా కూర్చోవాల్సి రావడం, మామూలుగా దానంతటదే జరిగిపోయే తలాడింపులూ చూపులూ ఇక్కడ పనిగట్టుకుని చేయాల్సి రావడం. డ్యూటీ దిగి వచ్చిన మనిషి మీద ఈ బరువు కూడా ఎందుకు? మా క్లాసులో కెమెరా ఎవరిష్టం వాళ్ళది. గొంతు వినిపిస్తే చాలు.

రెండోది పరువు. పెద్దల క్లాసు పిల్లల క్లాసుకి వేరుపడేది ఇక్కడే. పిల్లవాడు తప్పు చెబితే పిల్లవాడు తప్పు చెప్పాడు, అంతే. ఊళ్ళో నలుగురూ సలహా అడిగే పెద్దమనిషి, తన కొడుకు వయసు వాళ్ళున్న గదిలో తప్పు చెబితే? దానికి మళ్ళీ రికార్డింగ్ ఒకటి! “ఈ క్లాసు రికార్డ్ అవుతోంది” అన్న ఆడగొంతు వినపడగానే మైకులన్నీ టక్కున మూసుకుపోతాయి. అందుకే పాఠం రికార్డ్ చేస్తాను, చర్చ మొదలవగానే ఆపేస్తాను, ఆపేశానని పైకి చెబుతాను. రాలేకపోయినవాళ్ళకి చర్చ సారాంశం నాలుగు వాక్యాల్లో రాసి పంపితే సరిపోతుంది.

మూడోది యాస. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇదే పెద్ద అడ్డంకిగా కనపడుతుంది. ‘ఈ అంశంపై మీ అభిప్రాయాన్ని వివరించుము’ అని పుస్తకంలో ఉన్న తెలుగులో ప్రశ్న వేస్తే, జవాబు కూడా ఆ తెలుగులోనే రావాలి కాబోలు అనుకుంటారు. అది రాదు. ఇంగ్లిష్ అసలే రాదు. ఉన్న తెలుగేమో క్లాసుకి తగదనుకుంటారు. నేను బుద్ధిగా ‘ఎందుకనగా’లు మానేసి మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టాక చాట్‌లో ‘గట్లనే సార్’, ‘మా దిక్కు అట్లుండదు’ కనపడటం మొదలైంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారా, చేయనీండి. టైపింగే చేతకాదంటారా, వాట్సాప్‌లో ముప్పై సెకన్ల వాయిస్ పంపమనండి. వాయిస్ మెసేజ్‌లో మనుషులు పరీక్ష భాష మర్చిపోతారు.

జీరో టికెట్

ఖర్చు తగ్గించినా, అడిగిన ప్రశ్న అలాంటిదైతే లాభం లేదు. ‘అర్థమైందా?’ ఎందుకు చచ్చిన ప్రశ్న? దానికి పరువైన జవాబు ఒకటే ఉంది గనుక. లేదు అన్నవాడు తెలివితక్కువవాడు, అవును అన్నవాడు మళ్ళీ మాట్లాడనక్కర్లేదు. ‘వ్యాకోచత్వం అంటే ఏమిటి, ఎవరైనా చెప్పండి’ కూడా అంతే. జవాబు సారుకి తెలుసు, పుస్తకంలో ఉంది, నేను చెబితే కొత్తగా చేరేదేముంది? పరీక్షించడానికి అడిగే ప్రశ్న ఏదో, తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న ఏదో పెద్దవాళ్ళు గొంతును బట్టే పట్టేస్తారు.

ఆ పదిహేడు ‘యస్ సార్’ల తర్వాతి ఆదివారం అదే పాఠాన్ని ఇంకోవైపు నుంచి ఎత్తుకున్నాను. “2019 చివర్లో ఉల్లిగడ్డ కిలో వంద దాటింది, గుర్తుందా? మీ ఇంట్లో ఏం చేశారు? ఒక్క ముక్కలో చాట్‌లో పెట్టండి.” వచ్చాయి. ‘సగం వాడినం’. ‘కొన్నాం సార్, తప్పదుగా’. ‘క్యాబేజీ’. ‘మా హోటల్లో ఉల్లి అడిగితే కీరా ఇచ్చేటోళ్ళం’. ఇరవై ఆరు జవాబులు. కొన్నాం తప్పదుగా అన్నవాళ్ళు ఒకవైపు, క్యాబేజీ వాళ్ళు ఒకవైపు. వ్యాకోచత్వం అన్న మాట నేనింకా ఎత్తలేదు, అది మాత్రం స్క్రీన్ మీదే ఉంది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. మా బ్యాచ్‌లో ఒక ఆర్టీసీ కండక్టర్ గారున్నారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ టికెట్ కొడతాడు గానీ దాని మీద సున్నా ఉంటుంది. అందరూ దాన్ని జీరో టికెట్ అంటారు. “ధర సున్నా అయితే డిమాండ్ ఎంత పెరుగుతుందో పుస్తకంలో గీత గీశారు. మీరు రోజూ బస్సులో చూస్తున్నారు. గీత కరెక్టేనా అన్నా?” అని ఆయన్ని అడిగాను.

ఆయన మైకు తెరిచారు. నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఇదివరకు నెలకోసారి టౌనుకొచ్చి పనులన్నీ ఒకేరోజు చక్కబెట్టుకునే అమ్మలు ఇప్పుడు ఒక్కో పనికీ ఒక్కోరోజు వస్తున్నారట. కాలేజీ పిల్లల్లో మాత్రం తేడా లేదు, వాళ్ళు ఎలాగూ రోజూ ఎక్కాల్సినవాళ్ళే. ఇక్కడిదాకా పుస్తకానికి సరిపోయింది. “ఇంకోటి సార్,” అన్నారు. “మగోళ్ళ చార్జీ మారలే. అయినా మగోళ్ళు తగ్గిన్రు. సీటు దొరకదని బండి తీస్తున్రు.” ధర మారకుండానే డిమాండ్ తగ్గిన సంగతి అది. నా స్లైడ్లలో లేదు.

అప్పుడు, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా గొంతు వినిపించని ఒక ఫోన్ మోడల్ నంబరు అన్‌మ్యూట్ అయింది. “సార్, నేనొకటి చెప్పొచ్చా? మా ఆయన షేర్ ఆటో నడుపుతడు.” గిరాకీ పడిపోతే ఇరవై రూపాయల చోట పదిహేను అన్నారట, అయినా ఎవరూ ఎక్కలేదట. ఇప్పుడు పొద్దున స్కూలు పిల్లల్ని, మధ్యాహ్నం కూరగాయల గంపల్ని వేస్తున్నారట. “బస్సు ఊర్కే పోతుంటే ఆటోకి పదిహేనైనా ఎందుకిస్తరు సార్?” ప్రత్యామ్నాయ వస్తువుల పేజీ ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేసింది.

ఈ రెండు ఆదివారాలకీ తేడా ఎక్కడుంది? రెండోసారి అడిగిన సంగతి నాకు నిజంగా తెలియదు, వాళ్ళకి తెలుసు. అదొకటి. మొదటి మెట్టు చాలా పొట్టిది, ఒక్క ముక్క టైపు చేస్తే చాలు, నాలుగు నిమిషాల మాట దాని వెనకే వచ్చింది. అంతకంటే ముఖ్యం, ఆ జవాబులతో పని పడింది. పాఠం వాటి మీదుగానే ముందుకెళ్ళింది. పెద్దవాళ్ళ చదువు అనుభవం మీద నిలబడాలని అమెరికాలో వయోజన విద్య మీద పనిచేసిన మాల్కం నోల్స్ 1970 నుంచీ గట్టిగా చెప్పారు. నిజమే. కానీ అనుభవం చెప్పించుకుని, “చాలా బాగా చెప్పారు” అని పక్కన పెట్టేస్తే అది సన్మానం అవుతుంది, చర్చ అవదు.

ఈ దారిలో ఒక గుంట ఉందని కూడా చెప్పాలి. బస్సు పథకం గురించి అడిగితే అయిదు నిమిషాల్లో పార్టీల గొడవ మొదలవుతుంది. మొదలైంది కూడా. ‘ఎవరు పెట్టారు, మంచిదా చెడ్డదా అన్నది ఈ గంటలో వద్దు. మీ కళ్ళ ముందు ఏం మారిందో అది చెప్పండి’ అని ముందే గీత గీయాలి. కులం, రిజర్వేషన్, భూమి లాంటి విషయాల్లో ఈ గీత ఇంకా గట్టిగా ఉండాలి. అయినా దాటేవాళ్ళుంటారు. అప్పుడు సారు కల్పించుకోవాలి, మొహమాటపడితే రెండో వారం నుంచి ఆడవాళ్ళే ముందు మౌనమైపోతారు.

నెల్లూరు రాత్రిబడులు

పెద్దవాళ్ళ క్లాసులో చర్చ ఎంత దూరం పోగలదో చూపించడానికి మనకి బయటి దేశాల ఉదాహరణ అక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని దిద్దుకున్న అక్షరాలు. వాళ్ళ వాచకాల్లో సారా గురించి సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. ఆ పాఠం చదివి ఊరుకోలేదు. మా ఇంట్లో కూడా ఇంతే, మా ఆయనా ఇంతే అని మొదలైన మాట, ‘మరి ఈ కొట్టు ఇక్కడెందుకుంది?’ దాకా వెళ్ళింది. ఆ జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళు చేసిన పని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పేరుతో తర్వాతి వాచకంలో పాఠమై వచ్చింది. పక్క ఊళ్ళ రాత్రిబడుల్లో దాన్ని చదివారు. 1992 నాటికి అది జిల్లా దాటిన ఉద్యమం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం ఎంతకాలం నిలిచిందన్నది వేరే కథ.

అక్షరాస్యత క్లాసుకీ జూమ్ క్లాసుకీ పోలికేమిటనొచ్చు. నాకు ఆ ఉదంతంలో ఆగి చూడాలనిపించేది ఒక్క చోటు: దూబగుంట మళ్ళీ పాఠమై రావడం. విద్యార్థి అన్న మాట, చేసిన పని, తర్వాతి పాఠంలో అచ్చులో కనపడింది. మన ఊరి సంగతి పుస్తకంలోకి ఎక్కిందంటే ఇక ఆ క్లాసులో ఎవరు మౌనంగా కూర్చుంటారు?

దీన్ని మా స్థాయికి కుదించి చేస్తున్నాను. ప్రతి వారం మొదటి స్లైడు పోయిన వారం వాళ్ళన్న మాటలే. ‘కండక్టర్ అన్న: ధర మారకపోయినా సీటు లేకపోతే గిరాకీ తగ్గుతుంది.’ ‘ఆటో వాళ్ళ ఇల్లాలు: పక్కన ఊరికే దొరికితే పదిహేనైనా ఎక్కువే.’ దాని కింద పుస్తకంలోని మాట. చివరి అయిదు నిమిషాల్లో ఇదంతా పది మార్కుల జవాబుగా ఎలా రాయాలో చూపిస్తాను. ఇది తప్పనిసరి. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ అడిగినవాళ్ళని చూసి నవ్వుకోవడం తేలిక, కానీ వాళ్ళు రాయబోయేది నిజమైన పరీక్ష, పోయేది నిజమైన ఫీజు. మాట్లాడింది మార్కుగా మారుతుందని ఒకసారి కళ్ళతో చూశాక చర్చని కాలక్షేపం అనుకోవడం మానేశారు.

ఆగడం, విడగొట్టడం

ఇక మిగిలినవి పనితనానికి సంబంధించినవి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల టేపులు విని ఒక సంగతి బయటపెట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరుగుతుంది, ‘తెలియదు’ తగ్గుతుంది, విద్యార్థులే తిరిగి ప్రశ్నలు వేస్తారు. అది ఎదురెదురుగా కూర్చున్న క్లాసు సంగతి. ఆన్‌లైన్‌లో ముందు నెట్ ఆలస్యం, తర్వాత ‘ఇంకెవరైనా మొదలెడతారేమో’ అన్న మొహమాటం, ఆ తర్వాత మైకు బొమ్మ కోసం వెతుకులాట. మూడు సెకన్లు ఏ మూలకీ రావు. నేను గ్లాసు తీసుకుని నీళ్ళు తాగుతాను, నింపాదిగా. అది పది పన్నెండు సెకన్లు. మొదట్లో ప్రాణం పోయినట్టుంటుంది, అలవాటవుతుంది.

నలభై మంది కలిసి చర్చించలేరు, సభ మాత్రమే చేయగలరు. అయిదుగురేసి విడగొట్టాలి. మీటింగ్‌లోనే చిన్న గుంపులుగా విడదీసే బ్రేకౌట్ రూములుంటే సరే, ఫోన్లలో అవి మొరాయిస్తే వాట్సాప్‌లో చిన్న గ్రూపు కాల్ చాలు. కానీ ఊరికే విడగొట్టి ‘చర్చించండి’ అంటే, అయిదుగురూ మర్యాదగా ఒకరి కోసం ఒకరు ఎదురుచూసి తిరిగొస్తారు. ఎవరేం చేయాలో ముందే పంచిపెట్టాలి. దీనికి నమూనా అష్టావధానంలో దొరికింది నాకు. అవధాని చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఎవరి పని వారిదే. అక్కడ ఎవరూ ‘మీ అభిప్రాయం చెప్పండి’ అనరు.

దత్తపది పృచ్ఛకుడు నాలుగు పదాలిచ్చి ఇవి వాడి తీరాలంటాడు. మా గ్రూపుల్లో ఒకరి పని అదే, ‘ప్రత్యామ్నాయం’, ‘నిత్యావసరం’ లాంటి రెండు మాటలు పట్టుకుని, జరిగే మాటలో అవి పడేలా చూడటం. నిషిద్ధాక్షరి అడుగడుగునా అడ్డం పడుతుంది. ఇంకొకరి పని అది, ‘ఎప్పుడూ అంతేనా? మా ఊళ్ళో అలా లేదే’ అనడం. ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్ళని కాదనడానికి జంకే కుర్రాళ్ళకి లైసెన్సు దొరికినట్టవుతుంది. “నాది కాదన్నా, సార్ ఇచ్చిన డ్యూటీ” అని నవ్వుతూ కాదంటారు, అవతలివాళ్ళకీ నొప్పి ఉండదు. ఒకరిది ధారణ, తిరిగొచ్చాక అందరి మాటా అప్పజెప్పాలి. అప్రస్తుత ప్రసంగం కూడా పెట్టాను ఒకసారి సరదాకి. ఆ రోజు అంగన్‌వాడీ టీచర్ గారు వ్యాకోచత్వం మధ్యలో కోడిగుడ్ల సరఫరా ఎత్తి, అది అప్రస్తుతమో ప్రస్తుతమో తేలక ఇరవై నిమిషాలు పోయాయి. పోతే పోయాయి.

క్లాసు అయ్యాక గ్రూపులో

వారం మధ్యలో నడిచే రాత చర్చ వేరే జంతువు. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో ఒక నియమం ఉంటుంది: ఒక పోస్టు పెట్టాలి, రెండు పోస్టులకి స్పందించాలి, అప్పుడే మార్కులు. ఫలితం తెలిసిందే. గడువు రోజు రాత్రి పదకొండున్నరకి ‘మీ అభిప్రాయంతో నేను ఏకీభవిస్తున్నాను’ అన్న వాక్యం ముప్పై సార్లు. లెక్కకి మార్కులిస్తే లెక్కే వస్తుంది. మార్కులు పెట్టి తీరాలంటే వారంలో ఏదో ఒక్క మాటకి, అది ఇంకొకరి మాటని ముందుకి నడిపిందా లేదా అన్నదానికి పెట్టాలి.

ఇంకో చిక్కు సారుతోనే వస్తుంది. ప్రశ్న పడగానే నేను జవాబిచ్చేస్తే ఆ దారం అక్కడితో తెగిపోతుంది. సారు చెప్పాక ఇంకెవరు చెబుతారు? అలాగని రెండు రోజులు పత్తా లేకుండా పోతే ఎవరికీ పట్టలేదనుకుంటారు. ప్రశ్న చూశానన్న గుర్తు వెంటనే పెట్టి, “దీనికి కిరాణం నడిపే మన అన్న ఏమంటారో చూద్దాం” అని బంతిని ఆయన వైపు నెట్టి, నా మాట మూడో రోజుకి ఉంచుకుంటాను.

ఇంత చేసినా రాసేవాళ్ళు ఎప్పుడూ ఆ ఏడెనిమిది మందే. దానికి కంగారు పడక్కర్లేదు. వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లోనే చెప్పారు, ఆన్‌లైన్ సముదాయాల్లో నూటికి తొంభై మంది చదివేవాళ్ళే, తొమ్మిది మంది అప్పుడప్పుడూ రాస్తారు, ఒక్కడు ఎడాపెడా రాస్తాడు. చిన్న క్లాసులో లెక్క ఇంత ఘోరంగా ఉండదు గానీ వరస ఇదే. మౌనంగా ఉన్నవాళ్ళంతా నేర్చుకోవట్లేదని కాదు. ఆటో ఆవిడ నాలుగు నెలలు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూనే ఉంది. ఎడాపెడా రాసే ఆ ఒక్కడితోనే అసలు బాధ. ఆయన్ని ఆపడం కంటే ధారణ పని అప్పజెప్పడం మేలు, ఎదుటివాళ్ళ మాట వినక తప్పదు.

ప్రతిదాన్నీ చర్చకి పెట్టాలనుకోవడమూ పొరపాటే. శాతాల లెక్క ఎలా చేయాలో, గ్రాఫు ఎలా గీయాలో చర్చించి తేల్చేది కాదు. చేసి చూపించాలి, చేయించాలి. ఆదివారం సాయంత్రం గంటన్నర ఇచ్చిన మనిషికి ఆ గంటన్నర విలువ తెలుసు. మా క్లాసులో చర్చ ఎప్పుడూ ముప్పై నిమిషాలు దాటదు, కొన్ని వారాలు అసలుండదు.

క్లాసు చివర ఇదివరకు ‘అందరికీ మీటింగ్ ముగించు’ అన్న ఎర్ర బటన్ నొక్కేవాణ్ణి. దానితో నలభై మందీ ఒక్కసారిగా బయటపడేవాళ్ళు. ఇప్పుడు హోస్ట్ బాధ్యత కండక్టర్ అన్నకి అప్పజెప్పి నేనొక్కణ్ణే దిగిపోతాను. పోయిన నెల ఒక ఆదివారం ఎనిమిదింటికి దిగిపోయి, అన్నం తిని ఫోను చూస్తే లింకులో ఇంకా తొమ్మిది మంది ఉన్నట్టు చూపిస్తోంది. తర్వాతి వారం అడిగాను, అంతసేపు ఏం మాట్లాడుకున్నారన్నా అని.

“ఏముంది సార్, పరీక్ష ఫీజు గడువు గురించి,” అన్నారాయన. కొంచెం ఆగి, “తర్వాత కందిపప్పు గురించి. మీరన్నది తప్పంటుంది ఆ ఆటో అక్క.”